పార్టీ మాట ఊరికి గిట్టనప్పుడు: అభ్యర్థికి ఎంత స్వేచ్ఛ ఉండాలి?

చౌటుప్పల్ దగ్గర ఒక ఊళ్లో ప్రచార సభ. మైకు ఇంకా సర్దుతున్నారు. ఒక పెద్దాయన ప్లాస్టిక్ సంచిలోంచి పట్టాదారు పాసు పుస్తకం తీసి అభ్యర్థి చేతికిచ్చారు. "ఇందులో మూడెకరాలు రింగు రోడ్డు కింద పోతుందట. మీ పార్టీ రోడ్డు కావాలంటోంది. మరి మీరేమంటారు?" అని అడిగారు. అభ్యర్థి పుస్తకం తెరిచి, సర్వే నంబర్లున్న పేజీని చదువుతున్నట్లు కాసేపు చూశాడు. మూసి పక్కనున్న మండల అధ్యక్షుడికి అందించాడు. ఆయన ఇంకొకరికి ఇచ్చాడు. నాలుగు చేతులు మారి పుస్తకం మళ్లీ పెద్దాయన దగ్గరకే చేరింది. "అధిష్ఠానం దృష్టికి తీసుకువెళతాను" అన్నాడు అభ్యర్థి. ఆ రోజు నేను అదే పార్టీ కరపత్రాలు పంచుతున్నాను.

తిరుగు ప్రయాణంలో జీపులో పెద్ద వాదన జరిగింది. రోడ్డు వల్ల వచ్చే లాభం చెప్పి పార్టీ మాటను నిలబెట్టవలసిందని మండల అధ్యక్షుడు. నేను మీ పక్షమే అని అక్కడే చెప్పేస్తే ఊరు ఊరంతా మనదయ్యేదని బూత్ కమిటీ కుర్రాడు. ఏమీ చెప్పకపోవడమే తెలివైన పని అని అభ్యర్థి. చౌటుప్పల్ నుంచి నల్లగొండ గడియారం స్తంభం దాకా తేలలేదు.

ఆ వాదనే ఈ వ్యాసానికి మూలం. టికెట్ కోసం నిలబడినవారికి, వారికి సలహా చెప్పవలసిన మండల స్థాయి నాయకులకు, చివరికి ఓటు వేయవలసిన మనకు ఇది పనికిరావాలి. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. పార్టీతో తేడా ఉన్న అభ్యర్థికి స్వేచ్ఛ ఇవ్వవచ్చు. కానీ ఆ తేడాను బీ ఫారం (ఇతనే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే పత్రం) చేతికి రాకముందే, కాగితం మీద చెప్పినవారికే ఇవ్వాలి.

ముందు కొలతలు

దారులను పోల్చే ముందు, ఏ కొలతతో పోల్చాలో తేల్చుకోవాలి. నాకు నాలుగు ముఖ్యమనిపిస్తాయి.

మొదటిది, ఆ నిర్ణయం పార్టీకి ఎంత లోతైనది. పార్టీ పుట్టుకతో వచ్చిన సిద్ధాంతం వేరు, మేనిఫెస్టోలో రాసిన హామీ వేరు, గెలిచాక ఏదో శాఖ ఇచ్చిన జీవో వేరు. మూడింటినీ "పార్టీ లైన్" అనే ఒకే మాటతో పిలవడం వల్ల సగం గొడవ. రోడ్డు అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఏ దారిన పోవాలన్నది, ఏ పార్టీకీ సిద్ధాంతం కాదు.

రెండోది, భారం ఎవరి మీద పడుతుంది. ఊరికి గిట్టని నిర్ణయమంతా చెడ్డ నిర్ణయం కాదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి, అంటే దళితులకు వేరే గ్లాసు పెట్టడం, పోవాలని పార్టీ అంటుంది. ఊళ్లో ఎక్కువమందికి అది నచ్చదు. అక్కడ అభ్యర్థి "మా ఊరి ఆచారం వేరు" అంటే, దాన్ని స్వేచ్ఛ అని నేను ఒప్పుకోను. భూమి పోగొట్టుకునేవాడి తరఫున పార్టీతో విభేదించడం ఒకటి. ఎదుటివాడి హక్కు తొక్కేవాడి తరఫున విభేదించడం మరొకటి. ఓట్ల లెక్కలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ కొలత కావాలి.

మూడోది, ఎప్పుడు చెప్పారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి గుర్తు దక్కాలంటే నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోగా రిటర్నింగ్ అధికారికి బీ ఫారం చేరాలి. ఆలోగా పార్టీ మనసు మార్చుకుని వేరొకరికి ఇవ్వవచ్చు. ఆ గంట దాటాక ఇక మార్చలేదు. కాబట్టి 3 గంటలకు ముందు చెప్పిన తేడాను పార్టీ ఒప్పుకున్నట్టో, కాదన్నట్టో తేలుతుంది. 3 గంటల తర్వాత, గుర్తు భద్రంగా జేబులో పడ్డాక చెప్పే తేడా పార్టీని మోసం చేయడమే. పోలింగుకు రెండు రోజుల ముందు చెప్పేదయితే ఓటరును కూడా.

నాలుగోది విప్, అంటే సభలో ఎలా ఓటేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. దీన్ని చూపించి భయపెట్టేవాళ్లు ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన, ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు ప్రకారం, పార్టీ ఆదేశానికి విరుద్ధంగా సభలో ఓటు వేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోతుంది. పదిహేను రోజుల్లోగా పార్టీ మన్నిస్తే పోదు. ఇది ఎన్నికైనవారికి మాత్రమే. అభ్యర్థికి విప్ ఉండదు. ఎన్నికైనవారికి కూడా, అవిశ్వాసం వంటి ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓటింగుకు, పార్టీ ఏ విధానం చెప్పి ప్రజల దగ్గరికి వెళ్లిందో దానికి మాత్రమే ఇంత కఠినమైన ఆదేశం పరిమితం కావాలని 1992లో కిహోటో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ, విశ్వాస, అవిశ్వాస తీర్మానాల్లో ధిక్కరించినప్పుడు మాత్రమే అనర్హత ఉండాలని సూచించింది. చట్టం మారలేదు. వాడుకలో విప్ అన్నిటికీ వస్తూనే ఉంది.

అయితే మన ఊళ్లను రగిలించే విషయాల్లో ఎన్ని అసలు శాసనసభలో ఓటింగుకు వస్తాయి? భూసేకరణ నోటిఫికేషన్ సభకు రాదు. ఫ్యాక్టరీ అనుమతి సభకు రాదు. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద సేకరణ జరిగితే, భూమి తీసుకోదలచామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల్లోగా భూమిపై హక్కున్నవారు అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ అభ్యంతరాలు రాసిపెట్టడానికి పార్టీ ఆఫీసులో ఇద్దరిని కూర్చోబెడితే ఏ విప్పూ అడ్డు రాదు. "విప్ ఉంది, ఏం చేస్తాం" అనే నాయకుడిని, ఏ ఓటింగులో అని ఒక్క ప్రశ్న అడగండి.

ఒక్క చూపులో

| దారి | ఓటరుకు తెలిసేది | పార్టీకి కష్టం | విప్ వస్తే | ఎక్కడ సరిపోతుంది |
|---|---|---|---|---|
| గీత దాటకపోవడం | అంతా | లేదు | చిక్కు లేదు | సిద్ధాంతం, బలహీనుల హక్కులు |
| మౌనం | ఏమీ తెలియదు | పైకి లేదు | అప్పుడు బయటపడుతుంది | దాదాపు ఎక్కడా కాదు |
| ముందే రాసిచ్చిన తేడా | ఎంతవరకో అంత | కొంత | ముందే చెప్పినట్టు | భూమి, నీరు, స్థానిక ప్రాజెక్టులు |
| పూర్తి స్వేచ్ఛ | వ్యక్తి గురించి తెలుస్తుంది, పార్టీ గురించి కాదు | ఎక్కువ | సభ్యత్వానికే ముప్పు | మనస్సాక్షికి సంబంధించిన కొద్ది విషయాలు |
| బయటికి వచ్చి పోటీ | అంతా | సీటే పోవచ్చు | ఉండదు | ఎన్నికంతా ఆ ఒక్క అంశం మీదే జరుగుతున్నప్పుడు |

గీత దాటకపోవడం

దీన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఓటరు వైపు నుంచి చూస్తే దీనిలో ఒక నిజాయితీ ఉంది: గుర్తు చూసి ఓటేస్తే ఏం వస్తుందో తెలుస్తుంది.

మన జిల్లాలోనే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. రాష్ట్ర విభజనకు సీపీఎం ఒప్పుకోలేదు. భాషా రాష్ట్రాలు నిలవాలన్నది ఆ పార్టీ పాత సిద్ధాంతం. సీపీఐ తెలంగాణ కావాలంది. ఉద్యమం ఊరూరా రాజుకున్న రోజుల్లో నల్లగొండలో ఎర్రజెండా పట్టుకున్న సీపీఎం కార్యకర్త పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. 2009లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభకు ఆ పార్టీ నుంచి గెలిచిన ఒకే ఒక్కరు మిర్యాలగూడ నుంచి జూలకంటి రంగారెడ్డి. 2014లో ఆ సీటు పోయింది. ఓటమికి ఆ ఒక్కటే కారణమని అనలేం. కానీ ఆ పార్టీ అభ్యర్థులు ఊరికో మాట చెప్పారని ఎవరూ అనలేదు. ఆ పార్టీకి ఓటేయని నేను కూడా దానికి మార్కులు వేస్తాను.

లోపం ఏమిటంటే, ఈ దారిలో కింది నుంచి పైకి కబురు వెళ్లదు. ఊళ్లో నొప్పి ఎక్కడుందో అభ్యర్థే చెప్పకపోతే హైదరాబాదులో కూర్చున్నవారికి తెలిసే దారి ఫలితాల రోజే.

మౌనం

జీపులో మా అభ్యర్థి మెచ్చుకున్న దారి. "పరిశీలిస్తాం", "అందరికీ న్యాయం జరుగుతుంది", "దృష్టికి తీసుకువెళతాను" దీని మూడు మంత్రాలు. ఎవరినీ నొప్పించదు, ఎవరికీ ఏమీ చెప్పదు. దీని గురించి ఎక్కువ రాయడం దండగ. ఒక్క మినహాయింపు ఉంది: విషయం నిజంగా తెలియనప్పుడు "నాకు ఇంకా తెలియదు, ఫలానా రోజుకు తెలుసుకుని వచ్చి చెబుతాను" అనవచ్చు. రోజు చెప్పకపోతే అదీ మౌనమే.

ముందే రాసిచ్చిన తేడా

నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది ఇక్కడ. పద్ధతి ఇది: అభ్యర్థి ఒకటి లేదా రెండు విషయాల్లో మాత్రమే పార్టీతో తన తేడాను ఒక పేజీలో రాస్తాడు. టికెట్ అడిగేటప్పుడే దాన్ని జిల్లా కమిటీకి ఇస్తాడు. పార్టీ సరే అంటే అదే కాగితం కరపత్రమవుతుంది. కాదంటే టికెట్ ఇంకొకరికి పోతుంది.

రాయడం మొదలుపెడితే ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ ప్రచారం తర్వాత ఇంకో ఎన్నికలో ఇంకో అభ్యర్థికి ఇలాంటి కాగితం రాయడంలో సాయపడ్డాను. మొదటి ముసాయిదాలో "పార్టీ నిర్ణయాన్ని గౌరవిస్తూనే, రైతుల మనోభావాలను దృష్టిలో ఉంచుకుని, సానుకూలంగా స్పందిస్తాను" అని ఉంది. ప్రెస్సులో అక్షరాలు కూర్చే ఆయన చదివి, "సార్, ఇందులో రోడ్డు వద్దంటున్నారా, కావాలంటున్నారా?" అని అడిగారు. ఆయనకు అర్థం కానిది ఊరికి ఎలా అర్థమవుతుంది? "గౌరవిస్తూనే" అన్న మాట కొట్టేశాం. "మనోభావాలు" కొట్టేశాం. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి:

"రోడ్డు వేయాలన్న మా పార్టీ నిర్ణయానికి నేను వ్యతిరేకం కాదు. ఈ మండలంలో రెండు పంటలు పండే భూముల మీదుగా గీసిన అలైన్‌మెంటుకు వ్యతిరేకం. గెలిచినా ఓడినా అభ్యంతరాలు రాయించి, కలెక్టరేటులో విచారణ రోజున మీతో వస్తాను. ప్రభుత్వం నిలబడాలా పడిపోవాలా అనే ఓటింగు వస్తే మాత్రం పార్టీతోనే ఉంటాను."

నాలుగో వాక్యం దగ్గర అభ్యర్థి గంటసేపు ఆగిపోయాడు. అది పెడితే ఓట్లు తగ్గుతాయన్నాడు. తగ్గుతాయి కూడా. కానీ అది లేకపోతే మొదటి మూడు వాక్యాలకు విలువ లేదు. తేడా ఎక్కడ మొదలవుతుందో చెప్పి, ఎక్కడ ఆగుతుందో చెప్పకపోతే అది సగం మాటే.

ఈ దారిలోనూ ఒక మాయ ఉంది. పార్టీ రోడ్డు కావాలంటుంది, అభ్యర్థి వద్దంటాడు. రోడ్డు కోరే టౌను ఓట్లు, రోడ్డు వద్దనే ఊరి ఓట్లు, రెండూ ఒకే గుర్తుకు పడతాయి. కొన్నిసార్లు పార్టీలే కావాలని ఇలా ఆడిస్తాయి. కనిపెట్టడానికి ఒక గుర్తు చెబుతాను: ఆ కరపత్రం టౌనులో కూడా పంచుతున్నారా? ఊళ్లో ఒకటి, పట్టణంలో ఒకటి ఉంటే అది స్వేచ్ఛ కాదు, బేరం.

పార్టీలో ఉండి పార్టీతో విభేదించడం మన నేలకు కొత్త కాదు. 1948లో పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాటం కొనసాగించడం సరికాదని కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి వాదించారు. పార్టీలో ఆ మాట అప్పట్లో చెల్లలేదు. 1951 అక్టోబరులో పార్టీయే పోరాటాన్ని విరమించింది. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టుల వేదిక పీడీఎఫ్ తరఫున నల్లగొండ నుంచి ఆయనకు నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. నిన్న తప్పన్న మాట రేపు పార్టీ మాటే కావచ్చు. నోరు నొక్కే ముందు కమిటీలు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

పూర్తి స్వేచ్ఛ

బ్రిటన్‌లో మరణశిక్ష, గర్భస్రావం వంటి విషయాల్లో పార్టీలు సభ్యులను మనస్సాక్షి ప్రకారం ఓటేయనిస్తాయి. అది చూపించి మనకూ అలాగే కావాలనేవారు ఒక తేడా మరచిపోతారు. 2024 జూలైలో ఇద్దరు పిల్లల వరకే ప్రభుత్వ భత్యం అనే పరిమితికి వ్యతిరేకంగా ఓటేసిన ఏడుగురు లేబర్ ఎంపీలను పార్టీ ఆరు నెలలు దూరం పెట్టింది. కానీ వాళ్ల సీట్లు పోలేదు, ఎంపీలుగానే కొనసాగారు. మరుసటి ఏడాది నవంబరు బడ్జెట్లో ప్రభుత్వమే ఆ పరిమితిని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గర అదే పని చేస్తే పార్టీతో పాటు సీటూ పోతుంది. కాబట్టి "నేను ఎవరి మాటా వినను, మీ మాటే వింటాను" అని మైకులో గర్జించే అభ్యర్థి, పదో షెడ్యూలు ఉన్నంతకాలం, ఇవ్వలేనిదాన్ని ఇస్తానంటున్నాడు.

బయటికి వచ్చి పోటీ

పాలమూరుకు ఇది బాగా తెలిసిన దారి. తెలంగాణ విషయంలో పార్టీ వైఖరితో పడక నాగం జనార్దన్‌రెడ్డి తెలుగుదేశానికి దూరమై, 2012 మార్చి ఉప ఎన్నికలో నాగర్‌కర్నూల్ నుంచి స్వతంత్రుడిగా గెలిచారు. అదే ఉప ఎన్నికల్లో, మంత్రి పదవిని, కాంగ్రెస్‌ను వదులుకుని వచ్చిన జూపల్లి కృష్ణారావు కొల్లాపూర్‌లో టీఆర్ఎస్ తరఫున నెగ్గారు. అందరికీ ఇలా కలిసిరాదు. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌కు, శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి మునుగోడులో బీజేపీ తరఫున నిలబడి ఓడారు. మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి 2023లో అక్కడే గెలిచారు. కారణాల మంచిచెడ్డలు అలా ఉంచితే, ఎన్నికంతా ఒకే ప్రశ్న మీద నడిచినప్పుడు బయటికి వచ్చినవాడికి బలం ఉంటుంది. లేనప్పుడు పాత పార్టీ బూత్ కమిటీలు లేని లోటు తెలిసివస్తుంది.

స్వతంత్రుడిగా గెలిస్తే ఆ తర్వాత ఏ పార్టీలోనూ చేరకూడదన్న సంగతి చాలామందికి తెలియదు. చేరితే పదో షెడ్యూలు కిందే అనర్హత. తేల్చవలసింది స్పీకరు. ఆ తేల్చడం ఎంత సాగుతుందంటే, ఫిరాయింపు పిటిషన్లను మూడు నెలల్లో ముగించమని 2025 జూలైలో సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకరుకు చెప్పవలసి వచ్చింది.

గెలవడం కోసం కాకుండా వినిపించడం కోసం నిలబడటం ఇంకో రకం. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస దేశానికి తెలియాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అప్పుడు లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయలే. అదే ఏడాది 10,000 చేశారు, ఇప్పుడు 25,000. ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే.

మీరు ఎవరు?

మొదటిసారి టికెట్ అడుగుతున్నారా? మూడో దారి పట్టండి, కానీ విషయాలు రెండు దాటనివ్వకండి. అయిదు విషయాల్లో పార్టీతో తేడా ఉంటే మీరు తప్పు పార్టీలో ఉన్నారు.

రెండు మూడుసార్లు గెలిచినవారయితే మీకు ఇంకొంచెం స్వేచ్ఛ దానంతట అదే వస్తుంది. పార్టీకి మీ అవసరం ఎక్కువ కాబట్టి. దాన్ని మీ కాంట్రాక్టుల కోసం వాడుకుంటారో, ఊరి భూమి కోసం వాడుకుంటారో జనం చూస్తూనే ఉంటారు.

సర్పంచి పోటీలో ఉన్నవారికి ఈ బాధే లేదని చట్టం అంటుంది. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. కండువాలు మాత్రం ఉంటాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి కాబట్టి అక్కడ ఈ లెక్కలన్నీ మళ్లీ మొదలు.

భూమి పోతున్న ఊళ్లో ఓటరయితే, అభ్యర్థి మాటను ఫోనులో రికార్డు చేసుకోవడం కన్నా కాగితం మీద సంతకం అడగండి. రికార్డు చేస్తే "నా మాటలు వక్రీకరించారు" అంటారు. సంతకాన్ని వక్రీకరించడం కష్టం. ఫ్లోరైడ్ పోవాలనో, ఎత్తిపోతలు పూర్తి కావాలనో కోరేవారి పక్షాన ఉంటే లెక్క తిరగబడుతుంది: మీకు పార్టీ గీత దాటని అభ్యర్థే మేలు, ఎందుకంటే ప్రాజెక్టు కింద మునిగే ఊళ్లో అతడు ఇంకో మాట చెబితే మీ నీళ్లే ఆలస్యమవుతాయి. ఒకే నియోజకవర్గంలో ఇద్దరికీ రెండు రకాల అభ్యర్థులు కావాలి. దీనికి నా దగ్గర మందు లేదు. ఆ అభ్యర్థి రెండు ఊళ్లలోనూ ఒకే కాగితం చదవాలన్నది తప్ప.

మండల అధ్యక్షులకు ఒక్క పని చెబుతాను. మీ దగ్గరకు అలాంటి కాగితం వస్తే అల్మారాలో పెట్టకండి. రెండు రోజుల్లో అవుననో కాదనో రాసివ్వండి. మా అభ్యర్థి కాగితం జిల్లా ఆఫీసులో పదకొండు రోజులు ఉంది. జవాబు రాలేదు. బీ ఫారం మాత్రం చివరి రోజు రెండున్నరకు వచ్చింది.